గ్రూప్-1 అరుణశ్రీ

కోయంబత్తూరు,
6 జూలై 2025

అత్తకు నరేష్ దండాలు.

నీకు ఫోను చేసి లాభం లేదు. "కార్ల ఉన్నంతసేపు ఫోను ముట్టొద్దు" అని స్టూడెంట్లకు చెప్పే మాట నువ్వూ పాటిస్తావు, పొద్దంతా కారులోనే ఉంటావు. ఇంటికి చేస్తే మామ ఎత్తి, ఇక్కడి ఆడవాళ్లు పోచంపల్లి చీరలు కడతారా లేదా అని ఆరా తీస్తాడు. అందుకే హాస్టల్ రోజుల అలవాటు మళ్లీ మొదలుపెడుతున్నాను. ఉత్తరమైతే ఏ స్టూడెంటో ఎగ్గొట్టిన గంటలో కారు పక్కకు ఆపి చదువుకుంటావు.

సంగతేమిటంటే, సెప్టెంబరు 14 ఆదివారం ఇక్కడ ట్రాక్ డే ఉంది. వారమంతా కంపెనీలో బ్రేకులు పరీక్షించే నేను, ఆదివారాలు ఆ ట్రాకు మీద కొత్తవాళ్లకూ పాతవాళ్లకూ సాయం చేస్తుంటానని నీకు తెలుసు. ట్రాక్ డేలో పందెం ఉండదు. రేసు కార్లు తిరిగే రోడ్డు మీద మామూలు మనుషులు మామూలు కార్లు నడుపుకుంటారు, అంతే. ఎదురుగా ఆటో రాదు, అడ్డంగా బర్రె రాదు, స్పీడు బ్రేకరు అసలే లేదు. పోయిన దసరాకు నువ్వొక మాటన్నావు: "జిందగీల ఒక్కసారన్న థర్డ్ గేరు దాటి పోవాల్నని ఉంది రా." మామ నవ్వాడు. నేను నవ్వలేదు. నిన్నడగకుండానే నీ పేరు ఇచ్చేశాను.

ఒక్కటి మాత్రం నువ్వే తేల్చాలి. వచ్చినవాళ్లను మూడు గ్రూపులు చేస్తారు: ఒకటి, రెండు, మూడు. ఎవరి సత్తాకు తగ్గ గ్రూపు వాళ్లే చెప్పాలి. సగం ఎల్‌బీనగర్‌కు డ్రైవింగు నేర్పిన మనిషికి నేను గ్రూపు రాయడం బాగుండదు. ఆలోచించి నెంబరు చెప్పు. కానీ పట్టింపులకు పోవద్దు అత్తా. గ్రూపు తప్పితే నీకూ ప్రమాదం, వెనక వచ్చేవాళ్లకూ ప్రమాదం.

నీ దగ్గర హాఫ్ క్లచ్ నేర్చుకున్న
నరేష్

---

దిల్‌సుఖ్‌నగర్,
15 జూలై 2025

చిరంజీవి నరేష్‌ను అత్త దీవించి రాస్తున్నది.

ఉత్తరం ఎల్‌బీనగర్‌లో మన డ్రైవింగు స్కూలు అడ్రసుకు పంపి మంచిపని చేశావు. ఇంటికి వచ్చి ఉంటే మీ మామ ముందు చదివి, చీరల షాపులో అందరికీ వినిపించి, ఆఖరున నాకిచ్చేవాడు.

రాత్రి అన్నం తినేటప్పుడు చెప్పాను. "రేసంటే మలక్‌పేట గుర్రాలే గని, నువ్వు కారేసుకొని ఉరుకుడేంది?" అన్నాడు. రేసు కాదన్నాను. "మరి గెలిస్తే ఏమిస్తరు?" ఏమీ ఇవ్వరన్నాను. "ఏమియ్యని దానికి గంత దూరం పోవుడా" అని పెరుగు కలుపుకున్నాడు. వద్దనలేదు కాబట్టి ఒప్పుకున్నట్టే.

నేనెందుకు రావాలనుకుంటున్నానో నీకొక్కడికే రాస్తున్నాను. పాతికేళ్లుగా కారు నడుపుతున్నానని అందరూ అనుకుంటారు. నిజానికి నేను నడిపింది చాలా తక్కువ. నేను కూర్చునేది ఎడమ సీటులో. స్టీరింగు వాళ్ల చేతిలో ఉంటుంది, రెండో బ్రేకు నా కాలికింద ఉంటుంది. "బ్రేక్ నా కాడ ఉంది, నువ్వు ముందల జూడు" అనే ఒక్క మాట మీద బతికాను. గడ్డిఅన్నారంలో పండ్ల మార్కెట్ ఉన్న రోజుల్లో మామిడికాయల లారీల వెనక, ఇప్పుడు మెట్రో పిల్లర్ల పక్కన, ఎప్పుడూ సెకండ్ గేరే. ఇంట్లోవాళ్లం ఎక్కడికైనా పోతే మీ మామ నడుపుతాడు, నేను ఎడమపక్కనే కూర్చుని ఉత్త నేలను తొక్కుతుంటాను. ఒక్కపూట కుడిపక్క కూర్చుని, కారు ఎంత పోగలిగితే అంత పోవాలని ఉంది.

ఇక గ్రూపు సంగతి. మన పై పోర్షన్లో కిరాయికి ఉండే మృదుల తెలుసుగా, సూర్యాపేట పిల్ల, నాలుగేళ్లుగా గ్రూప్-1 పరీక్షకు చదువుతోంది. మెట్ల మీద ఆపి ఒకటి రాయాలా, మూడు రాయాలా అని అడిగాను. పుస్తకంలోంచి తలెత్తకుండానే "గ్రూప్-1ఏ ఆంటీ! గ్రూప్-3 ఎవలిక్కావాలె? ఒచ్చినా మల్ల ఒకటి కోసమే కొట్లాడాలె" అంది. ఆ పిల్లకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? ఏ గ్రూపు గొప్పదో మా దిల్‌సుఖ్‌నగర్ గోడలనడిగినా చెబుతాయి. కొంచెం భయంగానే ఉంది కానీ ధైర్యం చేశాను. నా పేరు ఎదురుగా ఒకటి రాసుకో.

మన స్కూలు కారు తెస్తాను. రెండు బ్రేకులున్నాయి, ఇంకా మంచిది.

బోనాల ప్రసాదం నీకు పెట్టలేకపోయానని మనసులో ఉంది.

అత్త
అరుణశ్రీ

---

కోయంబత్తూరు,
23 జూలై 2025

అత్తా,

నీ ఉత్తరం చదివి లేచి నిలబడ్డాను. ఒకటి! నీ అంత అనుభవం ఉన్నవాళ్లెవరూ తమంతట తాము ఒకటి రాయరు. వాళ్లను ఒప్పించడానికి మాకు గొంతు పోతుంది. మొన్న ఒక అబ్బాయి, వాళ్ల నాన్న కొనిచ్చిన ఎర్రకారు తీసుకుని మొదటిసారి వచ్చాడు. వస్తూనే మూడు అన్నాడు. రెండో మలుపులో గడ్డిలోకి పోయి, కారు చుట్టూ తిరిగి చూసుకుంటూ ఏడ్చాడు. కొత్తగా వచ్చేవాళ్లంతా మూడే అంటారు. నువ్వు మాత్రం ఒకటి రాశావు. ట్రాకు చూసుకునే మా చీఫ్‌కు నీ ఉత్తరం చూపించి, మృదుల జోకు తమిళంలో చెప్పబోయాను. జోకు సగం దారిలోనే పోయింది కానీ ఆయన నీకు దండం పెట్టమన్నాడు.

ఒకటో గ్రూపు పద్ధతులు చెబుతాను. కారులో నీ పక్కన ఒక మనిషి ఉంటాడు. మొదటి రెండు చుట్లు ముందొక కారు దారి చూపిస్తూ పోతుంది, మీరంతా దాని వెనకే పోవాలి. ఆ తర్వాత కూడా, ముందున్న కారతను చెయ్యి ఊపి పొమ్మంటేనే ఎవరైనా దాటాలి.

స్కూలు కారు వద్దు. ఇంత దూరం అది రాదు, వచ్చినా "ఎల్" బోర్డుతో ట్రాకెక్కితే చూడటానికి బాగుండదు. నా కారు ఇస్తాను. చీర కుదరదు. నిండు చేతుల నూలు చొక్కా, ప్యాంటు, బూట్లు ఉండాలి. హెల్మెట్ ఇక్కడ ఇస్తారు. నైలాను ఏదీ వేసుకోకు, మంటకు అది ఒంటికి అంటుకుంటుంది. ఇది మామకు చెప్పకు.

నిన్ను చూసి గర్వపడుతున్న
నరేష్

---

దిల్‌సుఖ్‌నగర్,
6 ఆగస్టు 2025

బంగారు అల్లుడికి అత్త దీవెనలు.

నువ్వు రాసిన పద్ధతులు మూడుసార్లు చదువుకున్నాను. పక్కన మనిషి, ముందు దారి చూపే కారు, చెయ్యి ఊపితే తప్ప ఎవరూ దాటకపోవడం! కలెక్టరు గారి కార్లు కూడా ఇలాగే పోతాయి. గ్రూప్-1 అంటే మరి ఆ మర్యాదలుంటాయి. ఆ ఎర్రకారు అబ్బాయిని తలచుకుంటే జాలేసింది. మూడో గ్రూపులోనే గడ్డిలోకి పోతే, పాపం, ఒకటి దాకా ఎప్పుడు చేరతాడు?

మీ మామ మొత్తానికి దారికొచ్చాడు. నూలు బట్ట కావాలనగానే "మన దగ్గర నూలుకేం తక్కువ" అని లేచి, కొయ్యలగూడెం ఇక్కత్ తానులోంచి తనే కత్తిరించాడు. టైలరు "మేడం, షర్టా, సోఫా కవరా?" అని అడిగాడు. ఎరుపు, నలుపు గళ్లు. అద్దం ముందు వేసుకుని చూసుకున్నాను. పరవాలేదు, బాగున్నాను.

అసలు తమాషా ఇప్పుడు చెబుతా. మన స్టూడెంట్లు సంబరపడి, నాకు తెలియకుండా ఫ్లెక్సీ కొట్టించి స్కూలు ముందర కట్టారు. "గ్రూప్-1కు ఎంపికైన మా అరుణశ్రీ మేడమ్‌కు హార్దిక శుభాకాంక్షలు." పైన నా లైసెన్సు ఫోటో, తలుపంత పెద్దది. ట్రాకు మాట రాయడం మరిచిపోయారు. ఇంకేముంది, ఎల్‌బీనగర్ అంతా నాకు ఉద్యోగం వచ్చిందనుకుంది. కూరగాయలామె నా బేరం పక్కనబెట్టి, "గ్రూప్-1 ఒచ్చిందట గద మేడం, నా కొడుకు రేషన్ కార్డు జర సూడరాదు?" అంది. ఒక కోచింగు సెంటరు అతనైతే, నేను వాళ్ల దగ్గరే చదివినట్టు చిన్న ఫోటో ఇవ్వమన్నాడు. యాభై ఆరేళ్ల మనిషిని, ఏ బ్యాచ్ అని చెబుతాడట?

సూర్యప్రభ గారు నీకు గుర్తున్నారా? రాజమండ్రి నుంచి వచ్చి చైతన్యపురిలో ఉండే పెద్ద టీచరమ్మ. లైసెన్సు వచ్చి రెండేళ్లయినా నేను పక్కన లేకుండా కారు తియ్యరు. ఆవిడ అసలు సంగతి తెలుసుకుని, "ఏవండీ, దేశంలో పెద్ద పెద్ద డ్రైవర్ల పక్కన మా మేడమ్ గారా!" అని నా చేతులు పట్టుకున్నారు. నేను ఊరికే నవ్వాను. కానీ నరేష్, నాకు లోపల ఎంత సంతోషంగా ఉందో రాయడం రాదు. బ్రేకు తొక్కే మనిషినని కాకుండా, నడిపే మనిషినని నన్ను చూడటం ఇదే మొదలు.

చొక్కా ఫోటో వెనక పెడుతున్నాను.

అత్త

---

కోయంబత్తూరు,
14 ఆగస్టు 2025

అత్తా,

ఈ ఉత్తరం కారు ఆపాకే చదువు.

మా దగ్గర లెక్క తిరగేసి ఉంటుంది. ఒకటి అంటే మొదటిసారి వచ్చేవాళ్లు. రెండు అంటే కొంత అలవాటైనవాళ్లు. మూడు అంటే ఆరితేరినవాళ్లు. పక్కన మనిషిని కూర్చోబెట్టేది మర్యాదకు కాదు, నేర్పడానికి. ముందుపోయే కారు దారి తెలియనివాళ్ల కోసం.

నువ్వు తెలిసే ఒకటి ఎంచుకున్నావనీ, గ్రూప్-1 మాట వేళాకోళానికి రాశావనీ అనుకున్నాను. దిల్‌సుఖ్‌నగర్‌లో పుట్టి పెరిగి, ఆ ఫ్లెక్సీల కిందే బస్సెక్కి కాలేజీకి పోయినవాణ్ని, ఒకటంటే అక్కడ ఏమిటో నాకు తట్టకపోవడం నా తెలివితక్కువ. నిన్ను అందరి ముందూ ఇబ్బందిలో పెట్టాను.

అయినా ఒకటే నీకు సరైన గ్రూపు. ఇది నిన్ను ఓదార్చడానికి రాయడం లేదు.

చొక్కా చాలా బాగుంది.

నరేష్

---

దిల్‌సుఖ్‌నగర్,
21 ఆగస్టు 2025

నరేష్‌కు,

అందింది.

అంటే నన్ను ఎల్‌కేజీలో వేశావు. పక్కనెవరో కూర్చుని, క్లచ్ ఎలా తొక్కాలో, అద్దం ఎప్పుడు చూడాలో నాకు చెబుతాడు. అది విని వచ్చి నేను మళ్లీ ఇక్కడ పాఠం చెప్పాలి. ఫ్లెక్సీ ఇంకా అక్కడే ఉంది. నిన్న వానకు ఒక తాడు తెగి నా ముఖం సగం మడతపడింది, ఆ సగమే నయం.

నా పేరు మూడులో రాయి. లేకపోతే కొట్టేయి. చొక్కాకేముంది, మీ మామ షాపులో బొమ్మకు తొడుగుతాడు.

అరుణశ్రీ

---

కోయంబత్తూరు,
28 ఆగస్టు 2025

అత్తా,

మూడులో రాయను. పేరు కొట్టేయను కూడా. ఎంతైనా తిట్టు.

త్రినాథరావు సారు గుర్తున్నాడా? ముప్పై ఏళ్లు బస్సు నడిపి, రిటైరయ్యాక కూతురు కారు కొనిస్తే నీ దగ్గరికి వచ్చాడు. "నాకన్నీ వచ్చండీ, గేర్లెక్కడున్నాయో చూపిస్తే చాలు" అన్నాడు. నువ్వాయనను సరూర్‌నగర్ గ్రౌండ్‌కు తీసుకుపోయి, మొదటిరోజు స్టీరింగు ముట్టనివ్వలేదు. ఆ రోజు నేను వెనక సీటులో ఉన్నాను. ఆయన ముఖం మాడిపోయింది. నువ్వేమన్నావో చెప్పనా? "బస్సు మీకొస్తది సార్. గని ఈ కారుకు మీరు కొత్తోళ్లు." మూడోరోజుకు ఆయనే నీకు టీ తెచ్చిచ్చాడు.

ట్రాకుకు నువ్వు కొత్త అత్తా. మూడో గ్రూపులో కార్లు వెనకనుంచి తూటాల్లా వస్తాయి, ఎటునుంచి పడితే అటునుంచి దాటుతాయి. నీకు ఏమైనా అవుతుందని ఒక భయం. అంతకంటే పెద్ద భయం ఇంకోటుంది. అక్కడ ఒక్క మలుపులో నువ్వు బెదిరిపోతే, మళ్లీ ఈ జన్మలో థర్డ్ గేరు దాటవు. గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, నావల్ల కాలేదురా అంటావు. అది నేను చూడలేను.

ఇంకొక్కటి. నీ పక్కన కూర్చునేది ఎవరో కాదు, నేనే. నా కారులో ఎడమవైపు బ్రేకు లేదు.

రైలు టికెట్ తీశాను. మిగతాది నీ ఇష్టం.

నరేష్

---

దిల్‌సుఖ్‌నగర్,
7 సెప్టెంబరు 2025

నరేష్‌ను దీవించి,

నిమజ్జనం లారీలన్నీ సరూర్‌నగర్ చెరువు దారిలోనే ఉన్నాయి. నిన్నా ఇవ్వాళా స్కూలు బంద్, ఆలోచించుకోవడానికి బాగా తీరిక దొరికింది. త్రినాథరావు గారి పేరెత్తి నన్ను దెబ్బతీశావు. నా మాటే నా ముఖాన కొడితే ఏం చేస్తాను?

వస్తున్నాను. ఇక్కడ ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఫ్లెక్సీ సంగతి వచ్చాక చూసుకుంటాను. సకినాలు తెస్తున్నా, స్టేషన్‌కు ఆలస్యంగా రాకు.

ట్రాకులో నా మీద గట్టిగా అరవకు. నేను నీ మీద ఎన్నడూ అరవలేదు.

అత్త

---

కోయంబత్తూరు,
17 సెప్టెంబరు 2025

అత్తా,

క్షేమంగా చేరావని మామ చెప్పాడు. అంతకుమించి నీ నుంచి ఒక్క మాట లేదు. ఆదివారం సాయంత్రం నుంచి రైలెక్కేదాకా కూడా నువ్వు మాట్లాడలేదు. సకినాల డబ్బా ఖాళీది ఇవ్వమని అడిగావు, అంతే.

పొద్దున మొదటి వంతులో నువ్వు నెమ్మదిగా, ఎల్‌బీనగర్ చౌరస్తాలో పోయినట్టు పోతుంటే, వెనకవాళ్ల కోసం చెయ్యి బయటపెట్టి ఊపి ఊపి నీ ముఖం ఎర్రబడింది. కానీ మధ్యాహ్నానికి ఆ చేతులే ఎంత నిమ్మళంగా తిరిగాయో నువ్వు చూసుకోలేదు, నేను చూశాను. మూడో మలుపు దగ్గర నా కాలు నేలను తొక్కింది. నువ్వది గమనించి, "కాలు దియ్, నువ్వు ముందల జూడు" అన్నావు. మా చీఫ్‌కు ఆ మాట చెబితే ఇంకా నవ్వుతున్నాడు.

ఆఖరి వంతుకు నీతో చెప్పకుండా దిగిపోయినందుకు కోపమొచ్చిందా? పక్క మనిషి అక్కర్లేదని చీఫ్ ఒప్పుకున్నాకే దిగాను. ముందే చెబితే నువ్వు వద్దంటావని భయపడ్డాను. తప్పయితే చెప్పు. వచ్చేసారి నిన్ను రెండో గ్రూపుకు రమ్మన్నాడు. రాయమంటావా?

నరేష్

---

దిల్‌సుఖ్‌నగర్,
25 సెప్టెంబరు 2025

నా బిడ్డ నరేష్‌కు అత్త మనసారా దీవించి రాసేది.

పిచ్చివాడా, కోపమేంటి?

నువ్వు దిగి తలుపు వేశాక ఆ సీటు వైపు చూశాను. పాతికేళ్లుగా ఆ సీటు నాది. నేను అందులో లేకపోతే ఎలా ఉంటుందో నేనెప్పుడూ చూడలేదు. ఖాళీగా, చిన్నగా ఉంది. జెండా ఊపే అబ్బాయి మళ్లీ ఊపాడు, అప్పుడు పోయాను. పొడుగాటి దారి వచ్చింది కదా, అక్కడ ఫోర్త్ గేరు వేశాను. ఇంజను ఏడవలేదు, నేనూ ఏడవలేదు. ఎవరూ వినరు కదా అని గట్టిగా అరిచాను, హెల్మెట్‌లో నా గొంతు నాకే వినబడింది. ఇంత సంతోషం నాకు ఎప్పుడూ కలగలేదు. నోరు విప్పితే ఎక్కడ పోతుందోనని రైలెక్కేదాకా మాట్లాడలేదు. అంతే.

తిరిగొచ్చిన మర్నాడు స్టూడెంట్లందరినీ ఫ్లెక్సీ ముందర నిలబెట్టి ఉన్నదున్నట్టు చెప్పేశాను. గ్రూప్-1 అంటే పక్కన మనిషి లేకుండా నడపలేనివాళ్ల గ్రూపు, నేను అందులోనే నడిపాను అన్నాను. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అప్పుడు సూర్యప్రభ గారు, "అయితే మేవందరం గ్రూప్-1 వాళ్లవేగా అండీ!" అన్నారు. అందరూ ఒక్కసారి నవ్వారు. ఇప్పుడు ఫ్లెక్సీ దింపుతానంటే ఒప్పుకోవడం లేదు, తెగిన తాడు కూడా కట్టారు. మృదులకు చెబితే తలపట్టుకుని, "పోనీలే ఆంటీ, మనింట్ల ఒక్కలకన్న గ్రూప్-1 ఒచ్చింది" అని నవ్వింది. ఆ పిల్లకు కూడా రావాలి. రోజూ మొక్కుతున్నాను.

మీ మామ ఇక్కత్ చొక్కాను షాపులో బొమ్మకు తొడిగాడు. అడిగినవాళ్లందరికీ "గిది రేసు షర్టు" అని చెబుతున్నాడు. రేసు కాదని నేను చెప్పడం మానేశాను.

రెండులో రాయి. కానీ ముందు నా పని ఒకటి చెప్పాలి. నిన్న పొద్దున, బతుకమ్మ పూల బండ్లు ఇంకా రాకముందే, సూర్యప్రభ గారిని సరూర్‌నగర్ గ్రౌండ్‌కు తీసుకుపోయాను. ఒక చుట్టు తిప్పించాను. కారు ఆపమని, నేను దిగి తలుపు వేశాను. "అయ్యో, అరుణశ్రీ గారూ, బ్రేకో?" అన్నారు. "బ్రేక్ మీ కాడనే ఉంది, ముందల జూడుండ్రి" అన్నాను. ఆవిడ ఎడమ సీటు వైపు ఒకసారి చూశారు. తర్వాత కారు మెల్లగా బయలుదేరింది. చుట్టంతా తిరిగి, ఏ గీతా దాటకుండా, నా ముందుకొచ్చి ఆగింది.

నేను గట్టుమీద చేతులు కట్టుకుని ధీమాగానే నిలబడ్డాను నరేష్. కానీ ఆవిడ తిరిగినంతసేపూ నా కుడికాలు చెప్పులోంచి మట్టిని తొక్కుతూనే ఉంది.

నీ అత్త
అరుణశ్రీ